గంటకు అరవై కిలోమీటర్ల విమానం

విమానం ఎగరడానికి ఇంకా ఆరు గంటల పది నిమిషాలుంది. దూరం మాత్రం ఇంకా ఆఫీసుకి రాలేదు.

గిడ్డంగుల శాఖ డైరెక్టరాఫీసులో సి సెక్షన్ సూపరింటెండెంటు గొర్లె త్రినాథరావు కిటికీలోంచి నాలుగోసారి వీధిలోకి తొంగిచూశాడు. రోడ్ల శాఖ జీపు జాడ లేదు. విశాఖపట్నం నుంచి బొగోటా ఎన్ని కిలోమీటర్లో, ఎంతసేపు ప్రయాణమో రాసి సంతకం పెట్టిన కాగితం ఆ జీపులో రావాలి. అది వస్తే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు గారు ఫైలు కదుపుతారు. ఫైలు కదిలితే రిలీవింగ్ ఆర్డరు టైపవుతుంది. ఆర్డరు చేతికందితే పొట్నూరు దమయంతి విమానం ఎక్కుతుంది.

దమయంతి అదే సెక్షన్‌లో జూనియర్ అసిస్టెంటు. స్పోర్ట్స్ కోటాలో వచ్చిన పిల్ల. యాభై అయిదు కిలోల విభాగంలో వెయిట్‌లిఫ్టింగ్ చేస్తుంది. పోయినేడు మణికట్టు బెణికి ప్రపంచ పోటీలు చేజారాయి. ఈ ఏడు ఎంపికైంది. పోటీలు కొలంబియా రాజధాని బొగోటాలో. పద్దెనిమిదో తేదీ పొద్దున్నే అక్కడ తూకానికి నిలబడాలి. ఇవాళ పదిహేను. సాయంత్రం అయిదూ యాభైకి ఢిల్లీ విమానం, అక్కణ్ణుంచి ఫ్రాంక్‌ఫర్ట్, అక్కణ్ణుంచి బొగోటా.

ఆర్డరు లేకుండా వెళ్ళిందా, ప్రొబేషన్ పూర్తికాని ఉద్యోగం ఊడుతుంది. ఆర్డరు కోసం ఆగిందా, విమానం పోతుంది.

"సార్, నాలుగింటికల్లా ఆటో ఎక్కాలండి. కౌంటరు అయిదుకి పది నిమిషాల ముందే మూసేస్తారంట," అంది దమయంతి కీరా ముక్క కొరుకుతూ. తూకం కోసం వారం రోజులుగా ఆమె భోజనం అదే.

"వచ్చేస్తాడమ్మా కూర్మారావు. మాట తప్పే మనిషి కాదు," అన్నాడు త్రినాథరావు. పదకొండింటికి వస్తానన్న కూర్మారావు పదకొండూ నలభైకి రాలేదన్న సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

బల్ల మీద ఫైలు నలభై ఏడు పేజీలకి చేరింది. ఇరవై రోజుల కిందట అది ఒక్క పేజీ. పోటీలకి పంపమన్న ఆమె దరఖాస్తు. దానికి ఒక చీటీ గుచ్చి వచ్చింది: "దూరమెంత? ఎంతసేపు పడుతుంది? పై నుంచి అడిగారు."

పై నుంచి అంటే ఎవరని అడగడం ఆ ఆఫీసు ఆచారం కాదు. జవాబు చెప్పడమే ఆచారం. త్రినాథరావు తన ఫోనులో చూసి సుమారు పదహారు వేల అయిదువందల కిలోమీటర్లు, ముప్పై ఒక్క గంటలు అని రాసి పైకి పంపాడు. అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు వసుంధరాదేవి గారు దాన్ని మర్నాడే తిప్పికొట్టారు. "ఫోను గెజిటెడ్ ఆఫీసరు కాదు. రెండు ప్రదేశముల మధ్య దూరమును ధ్రువీకరించు అధికారము రోడ్లు, భవనముల శాఖ అసిస్టెంటు ఇంజనీరుకు మాత్రమే కలదు. వారి ధ్రువపత్రము జతపరచి తిరిగి సమర్పించవలెను."

రోడ్ల శాఖ మొదటి జవాబు వారం తర్వాత వచ్చింది. అందులో రైలు స్టేషన్ నుంచి విమానాశ్రయం దాకా పన్నెండు కిలోమీటర్ల దూరం నిర్ద్వంద్వంగా ధ్రువీకరించారు. "తదుపరి మార్గమున కిలోమీటరు రాళ్ళు లేనందున పరిశీలన సాధ్యపడలేదు" అని ముగించారు. రెండో జవాబులో భూమి గుండ్రంగా ఉన్నందువల్ల దూరం వంకరగా కొలవాలన్నారు. దానికి వసుంధరాదేవి గారు, భూమి గుండ్రంగా ఉన్నట్లు తెలిపే జీవో నంబరు, తేదీ కోరారు.

పన్నెండు కావస్తుండగా జీపు ఆగింది. అసిస్టెంటు ఇంజనీరు కూర్మారావు చెమటలు కక్కుతూ మెట్లెక్కాడు. చంకలో టేపు, జేబులో దారపు ఉండ.

"ఏటండీ సూపరింటు గారూ, నా సర్వీసులో తగరపువలస దాటి ఎప్పుడూ కొలవలేదండి. నన్ను బొగోటా పొమ్మంటారేటి?"

"సర్టిఫికెట్ తెచ్చావా?"

"జీవో దొరకలేదండి బాబూ. భూమి గుండ్రమని గవర్నమెంటు ఎక్కడా ఉత్తర్వు ఇవ్వలేదు. మా పెద్దింజనీరు ఎస్.ఇ. గారేమన్నారంటే, ప్రభుత్వం ఆమోదించిన గోడ మ్యాపు మీద దారం పెట్టి కొలిచేయ్, మ్యాపు చదునుగానే ఉంటాది, గొడవ ఉండదు అన్నారు. మీ ఆఫీసులో ఆమోదించిన మ్యాపు ఉందా?"

ఉంది. రికార్డు గదిలో ఉంది. విశాఖపట్నం మీద ఎవరో ఎప్పుడో పెట్టిన బొట్టు కూడా చెక్కుచెదరలేదు. కూర్మారావు దారం కొస అక్కడ అదిమి పడమటికి లాగడం మొదలెట్టాడు. అరేబియా దాటాడు. ఆఫ్రికా దాటాడు. అట్లాంటిక్ సగం దాటాక అతని వేళ్ళు ఇనపబీరువాకి తగిలాయి.

"కొలంబియా ఎక్కడండీ?"

"బీరువా వెనకుంది," అన్నాడు త్రినాథరావు.

బీరువాలో పాతికేళ్ళ గోనెసంచుల రిజిస్టర్లున్నాయి. దాన్ని జరిపించాలంటే నలుగురు మనుషులు కావాలి. నలుగురు మనుషులు కావాలంటే ఇండెంటు పెట్టాలి. ఇండెంటు మంజూరుకి మూడు రోజులు. త్రినాథరావు ఇదంతా ఆలోచిస్తుండగానే దమయంతి చున్నీ నడుముకి బిగించింది.

"వద్దమ్మా! పోటీ ముందు పెట్టుకుని... మణికట్టు!"

"ఒక పక్కే లేపుతానండి. కూర్మారావుగారూ, గబగబా కానిచ్చీండి."

ఆమె మోకాళ్ళు వంచి, బీరువా అంచు పట్టుకుని, ఒక్క ఊపిరి బిగబట్టింది. రెండు కాళ్ళు నేల విడిచాయి. బీరువావి. కూర్మారావు దారం పట్టుకుని ఆ సందులోకి దూరి, సాలెగూళ్ళ మధ్యనుంచి "దొరికింది! బొగోటా దొరికింది!" అని అరిచాడు. ఆ ఆఫీసు చరిత్రలో దక్షిణ అమెరికాని చూసిన మొదటి మనిషి అతనే.

దారం కొలిచారు. స్కేలుతో గుణించారు. లెక్కకి పద్దెనిమిది వేలు దాటింది. కూర్మారావు చాలాసేపు గోళ్ళు కొరికి, "దారం సాగుతాది కదండీ. సాగుడు కింద కొంత తీసేద్దాం," అని పదహారు వేల అయిదువందలు రాసి సంతకం పెట్టాడు. త్రినాథరావు ఇరవై రోజుల కిందట ఫోనులో చూసి రాసిన అంకె అదే. ఇప్పుడది గెజిటెడ్ అయింది.

వసుంధరాదేవి గారు ధ్రువపత్రాన్ని ముందు వైపు చదివారు. వెనక వైపు ఏమీ లేదని నిర్ధారించుకున్నారు. కళ్ళజోడు పైకి జరిపారు.

"దూరము సరే. సమయము?"

"ముప్పై ఒక్క గంటలండి. టికెట్లో ఉంది మేడమ్," అన్నాడు త్రినాథరావు.

ఆవిడ కాలిక్యులేటరు దగ్గరికి లాక్కున్నారు. నొక్కారు. మళ్ళీ నొక్కారు. ముఖం గంభీరమైంది.

"అంటే గంటకు అయిదువందల ముప్పై రెండు కిలోమీటర్లు! త్రినాథరావుగారూ, మీకు మన శాఖ సర్క్యులరు తెలియదా? విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగి గంటకు అరవై కిలోమీటర్లకు మించిన వేగంతో ప్రయాణించరాదు."

"అది... మన జీపు మర్రిపాలెం దగ్గర గేదెని గుద్దినప్పుడు వచ్చిన సర్క్యులరండి."

"అందులో జీపు అన్న మాట ఎక్కడైనా ఉందా? చూపించండి."

లేదు. 'ఏ వాహనమైనను' అని ఉంది. ఆ ముక్క రాసింది కూడా త్రినాథరావే.

"ఈ అమ్మాయి వెళ్ళేది స్పెషల్ డ్యూటీ మీద. కాబట్టి విధి నిర్వహణే. అరవై చొప్పున లెక్కకట్టండి."

కట్టాడు. రెండువందల డెబ్బై అయిదు గంటలు. పదకొండు రోజుల పదకొండు గంటలు.

"పద్దెనిమిదో తేదీ ఉదయానికి చేరవలెనన్నచో ఎప్పుడు బయలుదేరవలెను?"

"ఆరో తేదీ రాత్రండి."

"ఇవాళ?"

"పదిహేనండి."

వసుంధరాదేవి గారు గోడ క్యాలెండరు వైపు చూశారు. దమయంతిని ఆపేస్తారేమోనని త్రినాథరావు భయపడ్డాడు. కానీ ఆవిడ కఠినురాలు కాదు. నియమం లోపల ఎంత దయ పడుతుందో అంతా చూపే మనిషి.

"పాపం, ఆడపిల్ల, దేశం కోసం వెళ్తోంది. ఆపడం భావ్యం కాదు. ఆరో తేదీనే రిలీవ్ చేసినట్లు వెనుక తేదీతో ఉత్తర్వు తయారు చేయండి. అప్పుడు వేగపరిమితి ఉల్లంఘన ఉండదు."

త్రినాథరావు పరుగున సెక్షన్‌కి వచ్చాడు. సొంతంగా టైపు చేశాడు. రెండు గంటలకి కాగితం మళ్ళీ ఆవిడ బల్ల మీదుంది. ఆవిడ కలం తీశారు. నిబ్బు కాగితానికి తగలబోయి ఆగింది.

"హాజరు పట్టీ తెప్పించండి."

హాజరు పట్టీ వచ్చింది. ఏడో తేదీ నుంచి పదిహేను దాకా పనిరోజులన్నిట్లోనూ దమయంతి సంతకాలు ముత్యాల్లా ఉన్నాయి.

"ఆరో తేదీన వెళ్ళిపోయిన ఉద్యోగిని సంతకాలు ఇక్కడ ఎవరు పెడుతున్నారు?"

"ఆ అమ్మాయే మేడమ్. వెళ్ళలేదు కదండీ."

"రికార్డు ప్రకారం వెళ్ళింది. కూర్మారావుగారూ, ఈ పూటకి ఆవిడ ఎక్కడ ఉండాలి?"

వరండాలో టీ తాగుతున్న కూర్మారావు వేళ్ళు ముడిచి లెక్కపెట్టాడు. "సుమారు పన్నెండున్నర వేల కిలోమీటర్లండి. అట్లాంటిక్ మీదుంటాదండి. ఇంకా నేల తగల్లేదు."

"అట్లాంటిక్ మహాసముద్రం మీద ఉండవలసిన ఉద్యోగిని ఇక్కడ కుర్చీలో కూర్చుని కీరా తినడం క్రమశిక్షణా రాహిత్యం. ఒక మెమో ఇవ్వండి. ప్రయాణ మధ్యలో అనుమతి లేకుండా ప్రధాన కార్యాలయానికి ఎందుకు తిరిగి వచ్చారో సంజాయిషీ కోరండి. సంతకాల మీద వేరే విచారణ. సంజాయిషీ వచ్చే వరకు ఉత్తర్వు నా దగ్గరే ఉంటుంది."

త్రినాథరావు మెమో పట్టుకుని సెక్షన్‌కి వచ్చేసరికి రెండూ ముప్పావు. దమయంతి మెమో చదివింది. రెండోసారి చదివింది. ఆ పిల్ల నవ్వుతుందో ఏడుస్తుందో అతనికి తెలియలేదు. ఆమెకీ తెలియలేదు.

"ఏటి రాయాలి సార్ దీనికి? నేను అట్లాంటిక్ మీంచి ఎందుకొచ్చేసానని?"

"రాయి తల్లీ ఏదో ఒకటి. ఆరోగ్యం బాగులేక వచ్చానని రాసేయ్."

"ఆరోగ్యం బాలేదని రాస్తే పోటీలకి పంపరు కదండీ!"

అతను ఫైలు మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో మొట్టమొదటిసారి అతనికి ఆ ఆచారం లేని ప్రశ్న నోటికొచ్చింది. "అసలీ దూరం ఎవడడిగాడు?"

సరిగ్గా అప్పుడే కింద సైరను మోగింది. డైరెక్టరు విఠల్ ప్రసాద్ గారు అనకాపల్లి గోదాములు తనిఖీ చేసి తిరిగొచ్చారు. దారిలోనే రాజధాని నుంచి ఫోను వచ్చిందట, దేశానికి ఆడే పిల్లని మీ ఆఫీసు ఎందుకు పట్టుకు కూర్చుందని. మెట్లెక్కుతూనే ఆయన గొంతు మూడంతస్తులూ నిండింది.

"దూరం! దూరమేమిటండీ! ఏ దద్దమ్మ అడిగాడు దూరం? అది ఎంత దూరమైతే గిడ్డంగుల శాఖకెందుకు? మనం విమానం తోలుతున్నామా? వసుంధరాదేవి గారూ, రెండు ఉత్తర్వులు టైపు చేయించండి. ఒకటి, ఈ ప్రశ్న వేసిన వాడి సస్పెన్షను. రెండు, ఈ అమ్మాయి రిలీవింగు. నాలుగింటికి నాకు వీడియో కాన్ఫరెన్సు. ఆ లోపల వాడి పేరు నాకు కావాలి."

"అమ్మాయి ఆర్డరు ముందు ఇచ్చేస్తే సార్..." అన్నాడు త్రినాథరావు.

"వీల్లేదు. బాధ్యుణ్ణి తేల్చకుండా పంపితే రేపు తప్పు నా నెత్తిన పడుతుంది. సస్పెన్షన్ ఆరువందల పదకొండో నంబరు. రిలీవింగు ఆరువందల పన్నెండు. పదకొండు వెళ్ళకుండా పన్నెండు వెళ్ళదు."

మూడూ పది. త్రినాథరావు దమయంతి వైపు తిరిగాడు. "ఈ ఇరవై రోజుల్లో నిన్నెవరైనా దూరం గురించి అడిగారా అమ్మా?"

"ఒక్కసారే అడిగారండి. సెలెక్టయినప్పుడు డైరెక్టరు గారికి హల్వా పట్టికెళ్ళాను కదా. అప్పుడు..." ఆమె ఆగింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదు కదండీ!"

అతను ఒక్క అంగలో డైరెక్టరు పేషీకి చేరాడు. పేషీ గుమస్తా భాస్కరం అతి సన్నటి మనిషి. మూడేళ్ళ కిందట డైరెక్టరు గారు చెప్పిన మాటొకటి మరిచిపోయి మెమో తిన్నాడు. అప్పట్నుంచి ఆయన నోటి వెంట ఏ మాట వచ్చినా తేదీ, సమయం వేసి పుస్తకంలో రాస్తాడు. రాసింది ఆయా సెక్షన్లకి చీటీలుగా పంపుతాడు. పంపినట్లు సంతకాలు తీసుకుంటాడు.

"పోయిన నెల ఇరవై అయిదో తేదీ తియ్యి భాస్కరం."

భాస్కరం పేజీ తిప్పాడు. పదకొండూ ఇరవై. అతని గుండ్రటి అక్షరాలు నిదానంగా చెప్పాయి: "చాలా సంతోషమమ్మా. దూరమెంత? ఎంతసేపు పడుతుంది? హల్వా బాగుంది, ఏ ఊరిది?"

త్రినాథరావు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. ఏం మాట్లాడాలో తోచని పెద్దమనిషి ఎదురుగా నిలబడ్డ పిల్లని పలకరించడానికి అన్న మాటలవి. ఊరెళ్ళే వాళ్ళని ఎవరైనా అడిగేవే. జవాబు కోసం ఆయన ఆగి కూడా ఉండరు.

"హల్వా మీద కూడా ఫైలు నడుస్తోందండీ," అన్నాడు భాస్కరం వినయంగా. "బి సెక్షన్‌లో ఉంది. హల్వాకి పేరున్న ఊరని మాడుగుల తాసీల్దారుకి రాశారు. నమూనా కోరుతూ రెండో రిమైండరు నిన్ననే వెళ్ళింది."

"ఇది ఆయనకి తెలుసా?"

"ఎలా తెలుస్తుందండీ? ఆయన అడిగిందేదీ మళ్ళీ ఆయన దాకా వెళ్ళదు కదా."

మూడూ ముప్పై అయిదు. డైరెక్టరు గారి గదిలో అందరూ నిలబడి ఉన్నారు. బల్ల మీద రెండు ఉత్తర్వులు. ఆరువందల పదకొండులో పేరు, వివరాల దగ్గర జానెడు ఖాళీ. ఆయన గడియారం చూసుకుని రెండింటి మీదా చకచకా సంతకాలు పెట్టేశారు.

"ఖాళీలో పేరు నింపుకోండి. నాకు టైము లేదు. ఎవరండీ? సి సెక్షనా?"

అందరూ త్రినాథరావు వైపు చూశారు. అతను వసుంధరాదేవి గారి వైపు చూశాడు. ఆవిడ కిటికీ వైపు చూశారు. ఆవిడకీ తెలుసని అప్పుడతనికి అర్థమైంది. 'పై నుంచి' అన్న మాట ఆవిడ అంతస్తు దాటే కదా కిందికి వచ్చింది.

"వివరాలు రాస్తాను సార్," అన్నాడు.

గోడ దగ్గర దమయంతి బ్యాగు భుజాన వేసుకుని నిలబడి ఉంది. బీరువా లేపినప్పుడు బిగపట్టినట్టే ఊపిరి బిగపట్టింది. ఖాళీలో తన పేరే రాసేసుకుంటే? త్రినాథరావుకి ఆ ఆలోచన కూడా వచ్చింది. అలవాటు ప్రకారం చెయ్యి అటే పోబోయింది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, నాలుగేళ్ళలో పింఛను. కానీ చెయ్యని తప్పుకి తన పేరు రాస్తే రికార్డు తప్పవుతుంది. తప్పు రికార్డు అతను ఎన్నడూ రాయలేదు, గేదె విషయంలో, ఇవాళ్టి వెనుక తేదీ విషయంలో తప్ప.

కలం తీసి ఖాళీ నింపాడు. కాగితం భాస్కరం ముందుకు తోశాడు.

భాస్కరం పేరు చదివాడు. ముద్రని సిరాలో రెండుసార్లు అద్దాడు. టప్. ఆరువందల పదకొండు. టప్. ఆరువందల పన్నెండు. రెండో కాగితం దమయంతి చేతికిచ్చాడు.

"వెళ్ళు తల్లీ," అన్నాడు త్రినాథరావు. "వెనక్కి చూడకు. పరిగెత్తు."

ఆమె నమస్కారం పెట్టబోయి, కాగితం జారుతుందని మానేసి, మెట్ల మీద ధనధనా దిగిపోయింది. కింద ఆటో చప్పుడైంది. హారన్ మోగింది. మలుపు తిరిగింది. కూర్మారావు కిటికీలోంచి వంగి చూసి, "అరవై దాటించేసాడండి ఆటోవోడు," అని ఎవరికీ కాకుండా అన్నాడు.

"ఆఁ, వెళ్ళింది కదా పిల్ల," అన్నారు డైరెక్టరు గారు కుర్చీలో వెనక్కి వాలి, తృప్తిగా. "ఇప్పుడు చదవండి. గట్టిగా చదవండి. అందరూ వినాలి. ఇలాంటి వాళ్ళకి ఇదొక గుణపాఠం కావాలి."

త్రినాథరావు కాగితం రెండు చేతులా పట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఉత్తర్వులు చదివే మామూలు గొంతుతో, ఎక్కడా తొట్రుపడకుండా చదివాడు.

"ఉత్తర్వు సంఖ్య ఆరువందల పదకొండు. 'దూరమెంత, ఎంతసేపు పడుతుంది' అను అనవసర ప్రశ్నను ఇరవై అయిదో తేదీ ఉదయము పదకొండు గంటల ఇరవై నిమిషములకు హల్వా స్వీకరించుచు వేసి, తద్వారా కార్యాలయమును ఇరవై రోజులు ఇబ్బందులకు గురిచేసినందుకు బాధ్యుడైన ఈ క్రింది ఉద్యోగిని తక్షణమే సస్పెండు చేయడమైనది."

"శభాష్," అన్నారు డైరెక్టరు గారు. "పేరు?"

"శ్రీ కె. విఠల్ ప్రసాద్, సంచాలకులు, గిడ్డంగుల శాఖ. మీరే సార్."